జీడితోట మీదికొచ్చిన నిప్పు

ఏప్రిల్ 19, 2016

సాలూరులో బస్సు దిగేసరికి ఎండ నెత్తి మీద. లారీల మధ్య నించి నడిచి, తోట సావుకారు పంపిన జీపెక్కి కొండ మీదికి. దానయ్య బావ ముందు సీట్లో, నేను వెనక బియ్యం బస్తా మీద.

చేపల వేట నిషేధం ఎత్తేసేదాకా ఇక్కడే — జీడితోట కాపలా, పిక్కలు ఏరడం. బోటు ఒడ్డున పడి ఉంది. వలలు నాన్న చూసుకుంటాడు. నా డిగ్రీ రెండో ఏడాది పరీక్షలు అయిపోయాయి. "ఇంట్లో కూసోని ఏటి సేస్తావురా రాంబాబూ, నాతోటి రా" అన్నాడు బావ. వచ్చాను.

అక్క పాపనెత్తుకుని బస్సు దాకా వచ్చింది. నాతో ఒక్క మాట లేదు. మాటలన్నీ మొగుడితోనే...

ఇక్కడ సముద్రం చప్పుడు లేదు. చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది.

ఏప్రిల్ 20

తోట కొండ వాలు మీద. దిగువన గెడ్డ, కొండవాగు. ఎండిపోయింది, రాళ్ల మధ్య ఒక గుంటలో మాత్రం మోకాలి లోతు నీళ్లు. ఎగువన తోట అయిపోయాక ఎండుగడ్డి, గడ్డి పైన నల్లటి బండ. బండ ఎక్కితేనే ఫోనుకి సిగ్నల్. మధ్యలో మా పాక — తాటాకు.

చెట్ల కింద ఎండుటాకు చీలమండల దాకా. నడిస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు.

ఏప్రిల్ 21

పొద్దు వాలుతుంటే ఎదురు కొండ అంటుకుంది. ముందు మబ్బు అనుకున్నాను. మసక పడ్డాక ఎర్రటి గీత... కొండ నడుముకి మొలతాడు కట్టినట్టు. చూస్తుండగానే పైకి పాకింది.

బావ బీడీ ముట్టించి — "బాగున్నాది కదరా. జాతరకి లైట్లెట్టినట్టు."

నేను అటు వీపు పెట్టి కూర్చున్నాను.

సోమయ్య అని ఒకాయన, గెడ్డ అవతల కొండవాళ్ల గూడలో ఉంటాడు. బావకి జీలుగు కల్లు తెచ్చాడు. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో, మాట నెమ్మది. "పోడు కాలుస్తన్నారు బాబూ. వోనలకి ముందు కాల్సకపోతే సోళ్లు పండవు. ఏటా కాలుస్తాం." సోళ్లంటే రాగులు.

ఇటు వస్తుందా, అని అడిగాను.

"వొస్తే వొస్తాది. రాకుండా సూసుకుంటాం."

ఏప్రిల్ 24

వేళ్లు పొక్కాయి. జీడి సొన. బావ చేతులకి ఏమీ కాలేదు — తాడు లాగి లాగి అరచేతులు చెప్పు అట్టల్లా అయిపోయాయి ఆయనకి.

ఏప్రిల్ 26

తోట చుట్టూ ఆకు ఊడుస్తున్నాం. రెండు బారల వెడల్పున నేల బయటపడాలి, నిప్పు దాటకుండా. పొద్దున్న ఊడ్చింది సాయంత్రానికి మళ్లీ నిండుతోంది. చెట్టు రాలుస్తూనే ఉంది. నేను ఊడుస్తూనే ఉన్నాను. బావ నవ్వుతున్నాడు.

పడమటి గట్టు అవతలే సోమయ్య పోడు. చెట్లు నరికి పడేశాడు. ఎండుతున్నాయి. ఎప్పుడు కాలుస్తావు అని అడిగితే "గాలి సూసి" అన్నాడు.

ఏప్రిల్ 28

ఇవాళ దగ్గరి కొండ. మధ్యాహ్నం. శబ్దం వినిపించింది మొదటిసారి — వెదుర్లు పేలుతున్నాయి. గద్దలు వెళ్లిపోవాలి కదా, అవి వస్తున్నాయి. పొగ అంచున గిరగిరా తిరిగి కిందికి దూకుతున్నాయి. నిప్పుకి జడిసి బయటికొచ్చే పురుగుల కోసం, తొండల కోసం.

ఒక కుందేలు మా గట్టు దాటి వచ్చింది. నన్ను చూసింది. ఆగింది. నేను కూడా నిప్పులాంటి వాణ్ణే దానికి. ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. బావ కర్ర తీసేలోపు గెడ్డలోకి దూకేసింది.

రాత్రి కూర లేదని బావ తిట్టాడు.

ఏప్రిల్ 30

పొయ్యి ముట్టించలేను, అన్నం వండను అన్నాను. పొయ్యి దగ్గర బావే కూర్చున్నాడు.

మే 1

బండ ఎక్కి అక్కతో మాట్లాడాం. పాపకి రెండు పళ్లు వచ్చాయట. బావ ఫోను చెవికి ఆనించుకుని "అనిపించు, నానా అనిపించు" అంటున్నాడు. ఏమీ వినబడలేదేమో, అయినా నవ్వాడు. తర్వాత నాకిచ్చాడు.

అక్క: "ఎలగున్నావురా?"

బాగున్నాను.

"గొంతు అలగుందేటి?"

పొగ, అన్నాను. అబద్ధం కాదు.

మే 3

బావతో చెప్పేశాను. ఇంటికి వెళ్లిపోతానని. భయంగా ఉందని.

బావ బుట్టలో పిక్కలు కుప్ప మీద పోశాడు. తర్వాత, "ఆయేడు వాయుగుండంలో బోటు మీద ఉన్నావు కదరా నాతోటి. అప్పుడు పాటలు పాడినావు."

అది నీళ్లు బావా.

"నీల్లయితే సంపవేటి?"

చంపుతాయి. కానీ నీళ్లంటే ఏమిటో నాకు తెలుసు. కెరటం వస్తుంటే కనిపిస్తుంది. ఎక్కడ లేస్తుందో, ఎక్కడ విరుగుతుందో. ఇది ఆకు కిందనించి వస్తుంది. ఇక్కడ లేదనుకున్నది అక్కడ ఉంటుంది. ఇదంతా ఆయనకి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

"సూద్దాం. శనివారం జీపు వస్తాది. ఎల్దువులే" అన్నాడు. కోపం లేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

మే 4

బట్టలు, ఈ నోటుబుక్కూ సంచిలో సర్దేసి, సంచి తీసుకెళ్లి గెడ్డలో రాయి కింద పెట్టాను. బావ చూశాడు. "సంచికి కూడా బయమేటిరా?"

శనివారం ఎల్లుండి తర్వాత.

మే 5

గెడ్డలో సంచి దగ్గర కూర్చుని రాస్తున్నాను. పొద్దున్నించీ ఆకు కదలడం లేదు. ఒళ్లంతా ఉక్క. సముద్రం మీద ఇలా ఉంటే నాన్న బోటు తిప్పేస్తాడు.

మే 11
విజయనగరం, ఆసుపత్రి వరండా

సంచి మిగిలింది. ఇందులో రాయొచ్చు.

రాస్తే తగ్గుతుందని కాదు. అడిగిన వాళ్లందరికీ ఒక్కో రకంగా చెబుతున్నాను. ఇక్కడైనా జరిగింది జరిగినట్టు పెట్టాలి.

అయిదో తారీఖు. మధ్యాహ్నం తిన్నాక బావ పడమటి గట్టు మీద కూర్చుని బీడీ కాల్చాడు. నేను గెడ్డకి నీళ్లకి దిగాను. గట్టు అవతల సోమయ్య పోడు పొద్దున్నే కాల్చాడు, నేను చూశాను. చిన్న మంట, చుట్టూ నలుగురు కొమ్మలు పట్టుకుని నిలబడ్డారు. పదింటికల్లా ఆర్పేశారు. సన్నగా పొగ మాత్రం. తిరిగి గూడకి వెళ్లిపోయారు.

బిందె ముంచుతున్నాను. మెడ మీద ఒక్కసారిగా గాలి. పడమటి గాలి, వేడిగా. అంతసేపూ కదలని ఆకంతా ఒక్కసారి కదిలింది. తల ఎత్తాను. గట్టు దగ్గర పొగ. నల్లగా కాదు, తెల్లగా, ఒత్తుగా.

బావ కేక పెట్టాడు. కొమ్మ విరిచి కొడుతున్నాడు. నేను బిందె పట్టుకుని పైకి నాలుగు అడుగులు వేశాను. అప్పటికే మంట రెండు చెట్లకి వచ్చేసింది. పాక పక్కన ఏరి పోసిన పిక్కల కుప్ప అంటుకుంది. ఆ పొగ నల్లగా, జిడ్డుగా. పిక్కలు చిటచిటా పేలి నిప్పులు చిమ్ముతున్నాయి.

బావ కొమ్మ పారేసి నా వైపు చూశాడు. మా ఇద్దరి మధ్య ఇంకా దారి ఉంది. దిగి రావొచ్చు. ఆయన పైకి చెయ్యి చూపించాడు.

"బండ మీదికి రారా. రాయి కాలదు. రా."

నేను వెళ్లలేదు.

దిగువే మంచిదని తెలిసి కాదు. మంట వాలు ఎక్కుతుందని తెలిసి కాదు. కాళ్లు రాలేదు. బిందె చేతిలోనే ఉంది. నోరు తెరిచాను, మాట కూడా రాలేదు. బావ మళ్లీ పిలిచాడు. తర్వాత తిరిగి పరుగెత్తాడు, పైకి, గడ్డిలోంచి.

నేను వెనక్కి పడ్డాను. పడ్డాక పాక్కుంటూ గుంటలోకి వెళ్లాను. చొక్కా తడిపి ముఖం మీద వేసుకుని, రాళ్ల మధ్య, ముక్కు మాత్రం నీళ్ల పైన. మీద నించి ఏదో వెళ్లింది. లారీ వెళ్లినట్టు. చెవుల దగ్గర నీళ్లు గోరువెచ్చగా అయ్యాయి.

ఎంతసేపో తెలీదు.

నన్ను లాగింది సోమయ్య. ఇంకా కొందరున్నారు గూడవాళ్లు, కొమ్మలతో. "ఇంకొకాయనేడీ" అన్నాడు. నేను పైకి చెయ్యి చూపించాను. అంతే చేశాను.

బండకి కొంచెం కింద గడ్డిలో ఉన్నాడట. దాదాపు చేరాడు. సోమయ్య వీపు మీద వేసుకుని దింపాడు. కాలిన నేల మీద నించి, ఉత్త కాళ్లతో. రోడ్డు దాకా ఒక్కడే మోశాడు. ఇంకెవరికీ ఇవ్వలేదు. బావ ఆయన భుజం మీద నించి ఏదో అంటున్నాడు. నేను వెనకే నడిచాను, దగ్గరికి వెళ్లలేదు. ఏమన్నాడో వినలేదు.

మే 12

అక్క మళ్లీ వచ్చింది. ఈసారి పాపని అమ్మ దగ్గర వదిలి. లోపలికి ఒక్కరినే వెళ్లనిస్తున్నారు. బయటికొచ్చి గోడకి ఆనుకుంది. ఏడవలేదు.

"నువ్వెక్కడున్నావురా అప్పుడు?"

గెడ్డలో.

"ఆయన్ని పిలవనేదా?"

సంచి పట్టీ సర్దుకున్నాను.

"నిన్నే అడుగుతన్నాను."

ఆయనే నన్ను పిలిచాడక్కా. అది చెప్పలేదు. తల ఊపాను. పిలిచాననుకుంది.

మే 13

వరండాలో పక్క మంచం వాళ్లు స్టవ్ వెలిగించారు పాలు కాచడానికి. మెట్ల మీద పరుగెత్తి కింద గేటు దగ్గర ఆగాను. ఎలా దిగానో గుర్తు లేదు.

మే 14

బావ పోయాడు. తెల్లారాక. అక్క చెయ్యి పట్టుకునే ఉన్నాడు. కట్టు కట్టని చెయ్యి అదొక్కటే.

మే 15

చితి పెట్టొద్దన్నాను.

నాన్న నా వైపు తిరిగాడు. "ఏటిరా అంటన్నావు?"

మళ్లీ నిప్పులో పెట్టొద్దు నాన్నా.

మా పేట పెద్దలు ఏదో అనబోతే అక్క అంది — "ఆడు సెప్పినట్టే సెయ్యండి." ఇసుకలో పూడ్చాం, సరుగుడు తోట పక్కన. లోతుగా తవ్వాం. తడి తగిలేదాకా.

మే 18

వచ్చినవాళ్లందరూ అదే మాట. కుర్రాడు తెలివైనవాడు, నీళ్లలోకి దిగాడు, చదువుకున్నాడు కాబట్టి బతికాడు. అమ్మ ముందు అంటున్నారు. అక్క ముందు కూడా. అక్క వింటోంది. దానయ్య తెలివితక్కువవాడైపోతున్నాడు ఒక్కో మాటకీ.

ఆయన నా కోసం రెండుసార్లు ఆగి పిలిచాడు. అలా ఆగకపోయి ఉంటే బండ చేరేవాడేమో.

మే 20

సావుకారు వచ్చాడు, కారులో. కుర్చీ వేశాం. పాప తల నిమిరాడు. వెళ్లేటప్పుడు నన్ను పక్కకి తీసుకెళ్లి — "స్టేషన్లో కాగితం పెట్టాను. ఆ సోమయ్యగాడి పనే అది. నిన్ను పిలుస్తారు. చూశానని చెప్పు, చాలు."

పొద్దున్న కాల్చడం చూశాను. ఆరిపోవడమూ చూశాను, అన్నాను.

"రెండోది ఎందుకు?" అన్నాడు.

మే 24

పదకొండో రోజు భోజనాలు.

అన్నాలు అవుతుండగా సోమయ్య వచ్చాడు. ఒక్కడే. రెండు బస్సులు మారి, దారి అడుక్కుంటూ. రెండు పాదాలకీ గుడ్డలు చుట్టి ఉన్నాయి. చేతిలో గుడ్డ సంచి, అందులో సోళ్లు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

అక్క అడిగింది, ఎవరని. బావని మోసిన మనిషి అన్నాను.

అక్క లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. పీట వేసి, ఆకు వేసి, తనే వడ్డించింది. తల వంచుకుని తిన్నాడు. మెతుకు వదల్లేదు. పాప ఆయన పాదం గుడ్డ పట్టుకుని లాగుతుంటే కదలకుండా కూర్చున్నాడు. అక్క అడిగింది, దారిలో ఆయన ఏటైనా అన్నాడా అని.

"మంచినీల్లు అడిగినాడమ్మా. మరి... కుర్రోడేడీ, కుర్రోడేడీ అన్నాడు. ఎనకాలే వస్తన్నాడని సెప్పినాను."

అక్క నా వైపు చూసింది. నేను బయటికి వెళ్లిపోయాను.

తర్వాత సముద్రం చూపించమన్నాడు. ఎప్పుడూ చూడలేదట. బోట్ల మధ్య నించి తీసుకెళ్లాను. తడి ఇసుక ముందు ఆగిపోయాడు. కెరటం వచ్చినప్పుడల్లా వెనక్కి జరుగుతున్నాడు. నన్ను నేను చూసుకున్నట్టుంది.

ఒక కెరటం వెనక్కి పోయాక అన్నాడు — "ఆ పొద్దు నాను కాల్సినాను బాబూ."

తెలుసు, చూశాను.

"ఆర్పినాను. నీల్లు పోసినాం, మట్టేసినాం. ఆరిపోనాదనే అనుకున్నాను. ఒక మొద్దు లోపల ఉండిపోయిందేమో... తెల్దు. నాది కావొచ్చు. కాకపోవొచ్చు. దినానికి నూరుసార్లు అనుకుంటన్నాను."

ఆ మధ్యాహ్నం బావ కూడా అదే గట్టు మీద బీడీ కాల్చాడు. అది నాకొక్కడికే తెలుసు. చెప్పొచ్చు. చెబితే ఆయనకి ఊపిరి ఆడేది. నోటి దాకా వచ్చింది. పోయినవాడి మీదికి నేరం... కాదు. చెప్పలేదు.

"టేసనుకి పిలిస్తే నానే ఒప్పీసుకుందునా?" అని అడిగాడు నన్ను. నన్ను అడుగుతాడేమిటి?

ఆఖరి బస్సుకి ఎక్కించాను. కిటికీలోంచి "నాను కాల్సినానని ఆయమ్మకి సెప్పినావా?" అన్నాడు. బస్సు కదిలింది.

మే 25

అక్క: "సముద్రం కాడ ఏటన్నాడు ఆయన?"

పెద్దదన్నాడు.

మే 29

నిద్రలో బావ పిలిచాడు. ఈసారి కాళ్లు వచ్చాయి. పరుగెత్తాను. లేచి చూస్తే గుమ్మం దగ్గర ఉన్నాను, అమ్మ నా చొక్కా పట్టుకుని ఉంది.

జూన్ 3

వాన. మొదటిది. ఆ కొండ మీద కూడా పడి ఉంటుంది. కాలిన నేల నలుపంతా గెడ్డలోకి కొట్టుకొస్తుంది. సోమయ్య విత్తనాలు చల్లాలి ఇప్పుడు. చల్లాడో లేదో.

జూన్ 7

అమ్మ చేపలు కాలుస్తుంటే లోపలే కూర్చున్నాను. ఇదివరకటిలా పరుగెత్తలేదు. గోడ పట్టుకున్నాను. వాసనకి వాంతి అయింది.

ఇప్పుడు మా ఇంట్లో పొయ్యి పెరట్లోకి మారింది. నేను అడగలేదు. నాన్నే మార్చాడు.

జూన్ 10

ఫోన్ వచ్చింది. సోమవారం పొద్దున్న స్టేషన్‌కి రమ్మన్నారు. సోమయ్యని నిన్ననే పిలిచి కూర్చోబెట్టారట. సావుకారు మనిషి చెప్పాడు, సంతోషంగా.

జూన్ 11

మూడు వాక్యాలు ఉన్నాయి. మూడూ నిజమే.

పొద్దున్న సోమయ్య కాల్చాడు.

ఆర్పి వెళ్లాడు.

మధ్యాహ్నం బావ గట్టు మీద బీడీ కాల్చాడు.

మొదటిదొక్కటే చెబితే సోమయ్య జైల్లో. మూడూ చెబితే, రేపు పేటలో అంటారు, దానయ్య తన చావు తనే తెచ్చుకున్నాడని. పాప ఆ మాట వింటూ పెరుగుతుంది. ఏదీ చెప్పకపోతే మొదటిది సావుకారు చెబుతాడు.

నాన్నని అడిగాను. ఎవరి పేరూ చెప్పకుండా, ఊరికే అడిగినట్టు. వల ముడి వేస్తూనే ఉన్నాడు. "నువ్వు సూసిందేదో అది. అనుకున్నది కాదు" అన్నాడు. చూసింది మూడూ నాన్నా.

జూన్ 12

సాయంత్రం. రేపే వెళ్లాలి.

అక్క బావ చొక్కాలు ఉతికి మడత పెడుతోంది. ఒకటి నాకు ఇచ్చింది, రేపు వేసుకెళ్లమని. జేబులో బీడీ ముక్క, ఎప్పటిదో, ఉతుకులో నాని పొడి అయిపోయింది. అక్క గోటితో గీకి దులిపేసింది. "వొద్దంటే ఇన్నాడు కాదు" అంది.

నా ముఖంలో ఏం కనిపించిందో.

"ఒరే."

ఏంటి?

"ఆ కొండాయన పీట మీద కూసున్నప్పుడు నా కల్లలోకి సూడనేదు. నువ్వూ సూడ్డం నేదు. ఇద్దరికీ ఏటో తెలుసు."

చొక్కా మడత విప్పి మళ్లీ పెట్టాను.

"పోలీసోల్లకి ఏటి సెప్తావో అది ముందు నాకు సెప్పు. ఏదైనా సరే. ఆయన పేరు వొచ్చినా సరే."

ఎవరి పేరు అంటోందో అడగలేదు.

వాకిట్లో కూర్చుంది. పాప ఒళ్లో నిద్రపోయింది. నేను లోపల ఇది రాస్తున్నాను. రెండుసార్లు పిలిచింది. వస్తన్నాను అన్నాను.

ఇంకా లేవలేదు.